‘దిఖే నై?’ అని అడిగేవారు లేని ఉద్యోగం

రాత్రి ఏడున్నర కావస్తోంది. హాల్లో టీవీ నడుస్తోంది, వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తోంది, వాకిట్లో పిల్లల గోల. అబ్బా టోపీ పెట్టుకుని ఇషా నమాజుకు బయల్దేరారు. లోపలి గది తలుపు మాత్రం మూసి ఉంది. లోపల హెడ్‌సెట్ పెట్టుకున్న పాతికేళ్ళ అమ్మాయి అమెరికా ఆసుపత్రుల బిల్లులు ముందేసుకుని కూర్చుంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అయితే చలికాలంలో మనకు రాత్రి ఏడున్నర, వేసవిలో ఆరున్నర. అక్కడి పగలే ఆమెకు డ్యూటీ. రోగుల వివరాలు మూడోవారి కంటపడకూడదని అమెరికాలో 1996 నుంచి హిపా అనే చట్టం ఉంది కాబట్టి తలుపు మూసే ఉండాలి. తెల్లారుజాము నాలుగున్నర దాకా ఆమె, ఆ తెర, ఆ గోడలు. ఇంట్లో ఏడుగురున్నారు. ఆ పిల్ల ఒంటరిదని ఎవరైనా అంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు. కర్నూలు, గుంటూరు, నిజామాబాద్, హైదరాబాద్‌లో టోలిచౌకి, మెహదీపట్నం, ఎక్కడ చూసినా ఇలా తలుపు మూసి ఉన్న గది ఒకటి కనిపిస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నాలుగు రోజుల ముచ్చటే అనుకున్న ఏర్పాటు కొందరికి అలాగే ఉండిపోయింది. పెద్ద ఐటీ కంపెనీలు తమ వాళ్ళను వారంలో కొన్ని రోజులైనా ఆఫీసుకు రప్పించుకున్నాయి. మెడికల్ కోడింగ్, బిల్లింగ్, కస్టమర్ సపోర్ట్, అకౌంట్స్, ఆన్‌లైన్ ట్యూషన్లు, డిజైనింగ్ పనుల్లో మాత్రం ఇంటి నుంచి కదలనివారు ఇంకా ఉన్నారు. మహిళలకు ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు పెద్ద ఎత్తున కల్పిస్తామని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. అంటే ఈ గదులు తగ్గేవి కావు, పెరిగేవే.

ముస్లిం కుటుంబాలకు ఈ పద్ధతి చాలావరకు మేలే చేసింది. అర్ధరాత్రి క్యాబ్ గొడవ లేదు. హిజాబ్ చూసి ఇంటర్వ్యూలో మొహం చిట్లించేవాడు ఎదురుగా ఉండడు. ‘అమ్మాయిని ఉద్యోగానికి పంపం’ అనే అత్తగారు కూడా ‘ఇంట్లోనే కదా, చేసుకోనీ’ అని ఒప్పుకుంటుంది. చదివిన చదువు అక్కరకొస్తోంది, ఇంట్లోకి నాలుగు డబ్బులు వస్తున్నాయి. ఎంతమంది తమ్ముళ్ళ ఫీజులు, ఎంతమంది చెల్లెళ్ళ పెళ్ళి ఖర్చులు ఈ గదుల్లోంచే తీరాయో లెక్క కట్టినవారు లేరు.

అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఆఫీసుకెళ్ళే మనిషి ‘ఈ ఉద్యోగం విసుగ్గా ఉంది’ అంటే ఇంట్లోవాళ్ళు ‘ఓపిక పట్టు, వేరేది చూసుకుందువు’ అంటారు. ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడపిల్ల అదే మాట అంటే వచ్చే జవాబు ఒక్కటే: ‘అయితే మానెయ్.’ ఆ జవాబు భయంతోనే చాలామంది నోరు మెదపరు. ఈ ఉద్యోగం దొరకడమే గొప్ప, ఇంకా దీనిమీద ఫిర్యాదు కూడానా అని వాళ్ళకు వాళ్ళే సర్దిచెప్పుకుంటారు. మగపిల్లలది ఇంకో రకం మౌనం. ‘ఘర్ మేచ్ హై నా’ అనిపించుకుంటూ గ్యాస్ సిలిండర్ దింపించడం దగ్గర్నుంచి కరెంటు బిల్లు కట్టడం దాకా అన్నీ నెత్తిన వేసుకునే కుర్రాడు ‘నాకు ఒంటరిగా ఉంది’ అని ఏ మొహంతో చెబుతాడు?

ఇంటి నిండా మనుషులున్నా ఒంటరితనం ఎలా వస్తుంది?

దీనికి అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వీస్ 1973లోనే ఒక జవాబు చెప్పారు. ఒంటరితనం ఒక రకం కాదు, రెండు రకాలని ఆయన వివరించారు. మనసుకు దగ్గరైన మనిషి, అంటే తల్లో, భార్యో, భర్తో, ప్రాణస్నేహితుడో లేకపోతే వచ్చేది ఒకటి. పదిమందిలో ఒకరిగా కలిసి మెలిగే గుంపు లేకపోతే వచ్చేది రెండోది. ఒకదాని లోటును ఇంకోటి తీర్చలేదు. దాహమేసినవాడికి బిర్యానీ పెడితే ఎలా తీరదో ఇదీ అంతే. అమ్మీ ఎంత ప్రేమగా చూసుకున్నా, ఆ ప్రేమ తోటి ఉద్యోగుల మధ్య కూర్చుని టీ తాగిన పావుగంటకు బదులు కాదు. అమ్మీ ప్రేమలో లోపం ఉందని దీని అర్థం కాదు. ఆకలి వేరు, దాహం వేరు.

ఆఫీసు అంటే మనం పని, జీతం, బాసు అనుకుంటాం. నిజానికి అక్కడ రోజంతా ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్న చిన్న సంగతులు జరుగుతుంటాయి. లిఫ్టులో సలాం. క్యాంటీన్‌లో ‘ఏం తెచ్చావ్ ఇవాళ?’ పార్కింగ్‌లో బండి స్టార్ట్ కాకపోతే ఎవడో వచ్చి కిక్ కొట్టడం. వాచ్‌మన్ పలకరింపు. వీళ్ళెవరూ ప్రాణస్నేహితులు కారు. కొందరి పేర్లు కూడా సరిగ్గా తెలియవు. కానీ ఒకరోజు సెలవు పెట్టి మర్నాడు వెళ్తే వీళ్ళలో ఒకడైనా ‘క్యా మియా, కల్ దిఖే నై?’ అంటాడు. నిన్న కనబడలేదేం అని.

ఆ ఒక్క ప్రశ్న విలువ అది ఆగిపోయాక గానీ తెలియదు. ఇంటి నుంచి పనిచేసేవాడు కనబడకపోవడమనేది ఉండదు, ఎందుకంటే అతను ఎవరికీ కనబడనే లేదు. తెర మీద పచ్చచుక్క వెలుగుతుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. జ్వరమొచ్చి రెండ్రోజులు లాగిన్ కాకపోతే సిస్టమ్‌లో లీవ్ పడుతుంది. ఎవరి కళ్ళూ వెతకవు.

ఇలాంటి పైపై పరిచయాల మీద మార్క్ గ్రానోవెటర్ అనే మరో సామాజిక శాస్త్రవేత్త అదే 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. మనుషులకు కొత్త ఉద్యోగాల కబుర్లు దగ్గరివాళ్ళ కంటే ఈ దూరపు పరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతున్నాయని ఆయన చూపించారు. మనకు తెలిసిందే మన దగ్గరివాళ్ళకీ తెలుసు, కొత్త కబురు బయటినుంచే రావాలి. మనసు విషయమూ అలాంటిదే. ఇంట్లో మాట్లాడుకునే మాటలు ఇంట్లోవే: కూరగాయలు, ఫీజులు, ఖాలా కూతురి సంబంధం. బయటి గాలి కొంచెమైనా సోకాలంటే బయటి మనిషి కావాలి.

ఇదంతా పనిచేయడం ఇష్టంలేనివాళ్ళ సాకు అనుకునేవారికి చైనాలో జరిగిన ఒక ప్రయోగం చెప్పాలి. షాంఘైలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ 2010, 2011 మధ్య తొమ్మిది నెలలపాటు తన కాల్‌సెంటర్ సిబ్బందిలో కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేయించింది. ఇష్టపడి ముందుకొచ్చినవారినే, అదీ ఇంట్లో వేరే గది, బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారినే తీసుకుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం ఫలితాలు లెక్కగట్టి 2015లో ప్రచురించింది. ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. అంతా బాగానే ఉంది కదా! తీరా ప్రయోగం ముగిసి, ‘ఇల్లా, ఆఫీసా, మీ ఇష్టం’ అని కంపెనీ అడిగినప్పుడు ప్రయోగంలో ఉన్నవారిలో సగానికి పైగా తమ ఎంపిక మార్చుకున్నారు. తిరిగి ఆఫీసుకు వస్తామన్నవారు ముఖ్యంగా చెప్పిన కారణం ఒంటరితనం. ఇంకో సంగతి, ఇంట్లోంచి అంతే బాగా చేసినవారికి ఆఫీసులో ఉన్నవారికంటే ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. కళ్ళ ముందు లేని మనిషి పెద్దల మనసులోనూ ఉండడు మరి.

అంటే పని బాగా సాగుతున్నంత మాత్రాన మనిషి బాగున్నట్టు కాదు. నెలనెలా జీతం పడుతోంది, టార్గెట్ దాటుతోంది కాబట్టి ‘అంతా మంచిదే’ అని తల్లిదండ్రులు అనుకోవడం సహజం. ఆ లెక్క అటు కంపెనీని మోసం చేసినట్టే ఇటు ఇంటినీ మోసం చేస్తుంది.

మనసు లోపల ఏం జరుగుతుంది?

షికాగో విశ్వవిద్యాలయంలో ఒంటరితనం మీద ఏళ్ళ తరబడి పరిశోధించిన జాన్ కాసియొప్పో దాన్ని ఆకలితో పోల్చేవారు. ఒంట్లో శక్తి తగ్గితే ఆకలి గంట కొట్టినట్టే, మనుషుల తోడు తగ్గితే మనసు కొట్టే గంట ఒంటరితనం. అంటే అది జబ్బు కాదు, హెచ్చరిక. గంట వినగానే లేచి వెళ్ళి ఎవరినైనా పలకరిస్తే ఆగిపోతుంది. వినీ వినకుండా నెలల తరబడి కూర్చుంటేనే అసలు సమస్య. అలా ముదిరిన ఒంటరితనంలో మనసు కాపలా కుక్కలా మారుతుందని ఆయన పరిశోధనలు చెబుతాయి. ప్రతి అలికిడీ దొంగ అలికిడే అనిపిస్తుంది. మేనేజర్ ఒట్టి ‘ఓకే’ అని మెసేజ్ పెడితే కోపమొచ్చిందేమోనని రాత్రంతా ఆలోచన. ‘ఏంటీ, ఇంకా తినలేదా?’ అని వదిన మామూలుగా అడిగితే దెప్పిపొడిచినట్టు వినిపిస్తుంది. దాంతో మనిషి ఇంకా ముడుచుకుపోతాడు. దావతుకు రమ్మంటే ‘షిఫ్ట్ ఉంది’ అంటాడు. షిఫ్ట్ లేని రోజు కూడా అదే మాట. పిలిచి పిలిచి విసిగి బంధువులు పిలవడం మానేస్తారు. ‘చూశావా, ఎవరికీ అక్కర్లేదు’ అని మనసు తన మాటే నిజమైందని సాక్ష్యం చూపిస్తుంది.

ఈ సమస్య తెల్లవాళ్ళది, ఉమ్మడి కుటుంబాలున్న మనకు రాదు అనే ధీమా కూడా నిలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్ 30న విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ధనిక దేశాల్లో ఇది దాదాపు 11 శాతమైతే, పేద దేశాల్లో దాదాపు 24 శాతం. ఏటా 8 లక్షల 71 వేలకు పైగా మరణాలకు ఒంటరితనంతో సంబంధం ఉందని ఆ నివేదిక అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, షుగర్, డిప్రెషన్, వీటన్నిటి ముప్పూ దీనితో పెరుగుతుంది. వృద్ధులకే అనుకుంటే పొరపాటు, యువతలోనే ఇది ఎక్కువగా కనిపించింది.

మన ఇళ్ళలో దీనికి తొందరగా తగిలించే పేరు ఇంకోటి ఉంది: ఈమాన్ బలహీనత. ‘నమాజు సరిగ్గా చదివితే ఇవన్నీ రావు’ అనే మాట. నమాజుతో మనసుకు నెమ్మది కలుగుతుందనడంలో సందేహం లేదు. అయితే దుఃఖపడినవాడి ఈమాన్‌ను అనుమానించడం వేరే సంగతి. యూసుఫ్ (అలైహిస్సలాం) దూరమైన బాధలో యాఖూబ్ (అలైహిస్సలాం) కంటిచూపు పోయేంతగా కుమిలిపోయారని ఖుర్ఆన్ చెబుతోంది. ఆయన ప్రవక్త. సబ్రె జమీల్‌కు ఉదాహరణగా చెప్పుకునేదీ ఆయననే. ఓపిక, కన్నీళ్ళు ఒకే మనిషిలో ఉండొచ్చు.

ఏకాంతం, ఒంటరితనం ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) హిరా గుహలో రోజుల తరబడి ఏకాంతంగా గడిపేవారు. ఆహారం వెంట తీసుకెళ్ళి, అది అయిపోగానే ఖదీజా (రజియల్లాహు అన్హా) దగ్గరికి తిరిగి వచ్చేవారు. తొలి వహీ వచ్చిన నాడు వణుకుతూ ఇంటికొచ్చి ఆమెతోనే చెప్పుకున్నారు. రమజాన్ ఇఅతికాఫ్ కూడా అంతే. కోరి ఎంచుకున్నది, పదిరోజుల హద్దు ఉన్నది, ఇఫ్తార్ పళ్ళెం ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చేది. మూసిన గదిలో ఏళ్ళ తరబడి సాగే షిఫ్టుకు ఎంపికా లేదు, హద్దూ లేదు, పళ్ళెం తెచ్చేవాళ్ళూ తక్కువే.

మస్జిదుకు నడిచే పది నిమిషాలు

ఇంటి నుంచి పనిచేసే మగవారికి చేతికి అందేంత దూరంలోనే ఒక మార్గం ఉంది, ఉన్నా చాలామంది వాడుకోవడం లేదు. జమాఅత్‌తో చేసే నమాజుకు 27 రెట్లు ఎక్కువ పుణ్యమన్న హదీసు చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ కాల్ మధ్యలో ఉన్నామని జొహర్, అసర్ గదిలోనే చదివేసుకునే అలవాటు ఇంటి ఉద్యోగంతో బాగా పెరిగింది. వీలు ఉన్న మాట నిజమే. పోయేదేమిటో కూడా చూడాలి. బట్టలు మార్చుకుని, చెప్పులు తొడుక్కుని, ఎండలో నడిచి, పదిమంది భుజాల మధ్య నిలబడి వచ్చే ఆ అరగంటే రోజును ముక్కలుగా విడగొట్టేది. లేకపోతే నిద్రలేచిన మంచం, పనిచేసే కుర్చీ, భోజనం చేసే చోటు అన్నీ ఆరడుగుల్లో ఉండి, రోజుకు మొదలూ చివరా లేకుండా పోతాయి.

అయితే మస్జిదుకు వెళ్ళి రావడం ఒక్కటే చాలదు. సలాం తిప్పగానే లేచి, ఫోన్ చూసుకుంటూ బయటపడితే ఎవరితోనూ పరిచయం కాదు. పరిచయాలు మాటలతో కంటే ముందు మళ్ళీ మళ్ళీ కనబడటంతో పుడతాయి. రోజూ ఒకే మస్జిదు, కుదిరితే ఒకే పూట, దాదాపు ఒకే వరుస. నెల తిరిగేసరికి పక్కన నిలబడే ముసలాయన తల పంకిస్తాడు. రెండో నెలలో మోకాళ్ళ నొప్పి గురించి చెబుతాడు. మూడో నెలలో వీడు రెండ్రోజులు రాకపోతే ముఅజ్జిన్‌ను అడుగుతాడు.

అలా అడగడం సున్నత్ అని చెప్పినా తప్పులేదు. మదీనా మస్జిదును ఊడ్చి శుభ్రం చేసే ఒక నల్లజాతి మహిళ కొన్నాళ్ళు కనబడకపోతే దైవప్రవక్త (స) ఆమె గురించి వాకబు చేశారు. ఆమె చనిపోయిందని, ఖననం కూడా అయిపోయిందని సహాబాలు చెప్పారు. ఆమెది అంత ముఖ్యమైన విషయం కాదని వారు అనుకున్నారు. తనకెందుకు చెప్పలేదని ఆయన అడిగి, సమాధి ఎక్కడో చూపించమని, అక్కడికి వెళ్ళి ఆమె కోసం నమాజు చేశారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న సంఘటన ఇది. ఎవరు వచ్చారో చూసేవారు చాలామందే ఉంటారు. ఎవరు రాలేదో ఆయన చూశారు.

ఒక ముస్లింకు మరో ముస్లిం మీద ఉన్న హక్కులని హదీసులో చెప్పిన ఆరింటినీ ఈ కోణంలో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. సలాం చెప్పడం, దావతుకు వెళ్ళడం, సలహా అడిగితే ఇవ్వడం, తుమ్మి అల్హందులిల్లాహ్ అన్నవాడికి యర్హముకల్లాహ్ అనడం, జబ్బు చేస్తే చూడ్డానికి వెళ్ళడం, జనాజా వెంట నడవడం. దాదాపు అన్నిటికీ పక్కన మనిషి ఉండాలి. మైకు మ్యూట్‌లో పెట్టుకుని తుమ్మేవాడికి జవాబు ఎక్కడిది?

రాత్రి షిఫ్టు వాళ్ళకు లెక్క వేరు. ఫజర్ చదివి పడుకుంటే మధ్యాహ్నానికి గానీ లేవరు. వాళ్ళకు మిగిలేది అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఉన్న కాస్త పొద్దు. సాధారణంగా అది రీల్స్‌లో కరిగిపోతుంది. వారంలో రెండు మూడు రోజులైనా ఆ గంటన్నర మనుషులకు ఇవ్వాలి: ఇరానీ చాయ్ కావచ్చు, పిల్లలతో క్రికెట్ కావచ్చు, తాతను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం కావచ్చు. జుమా రోజు నిద్ర చెడగొట్టుకుని లేచి వెళ్ళేవారు నమాజవగానే పరుగున వచ్చి పడుకోకుండా మస్జిదు గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే వారం మొత్తంలో దొరకని మాటలు అక్కడ దొరుకుతాయి.

ఆడవాళ్ళ సంగతి

పైన చెప్పిందంతా మగవారికి సులువు. ఆడవాళ్ళకు ఆ దారి సగం మూసే ఉంది. తెలుగు రాష్ట్రాల్లో మహిళలకు చోటున్న మస్జిదులు కొన్ని ఉన్నా, చాలా మొహల్లాల్లో లేవు. పైగా షిఫ్టు అయ్యాక ఇంటిపని వారి కోసమే ఎదురుచూస్తుంటుంది. కొత్తగా పెళ్ళై వేరే ఊరు వెళ్ళి, అక్కడ ఒక్క స్నేహితురాలూ లేకుండా ఉద్యోగం మాత్రం వెంట తెచ్చుకున్న కోడలి ఒంటరితనం రెండింతలు. భర్త గల్ఫ్‌లో ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

కొంతమంది తమంతట తాము కనిపెట్టుకున్న ఉపాయాలు పనికొచ్చేవిగా ఉన్నాయి. ఒకే షిఫ్టున్న ఇద్దరు స్నేహితురాళ్ళు విరామంలో ఒకే సమయానికి చాయ్ పెట్టుకుని, ఆ పదిహేను నిమిషాలూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. మెసేజ్ కాదు, కాల్. 2021లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో కూడా ఇదే తేలింది. పాత స్నేహితులకు ఫోన్ చేస్తే ఇబ్బందిగా ఉంటుందని జనం ముందుగా భయపడతారు, తీరా చేశాక ఆ ఇబ్బంది ఉండదు, రాసిన మెసేజ్ కంటే గొంతు వినడమే ఎక్కువ దగ్గర చేస్తుంది. ఎనభైమంది ఉన్న ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో రోజుకు నలభై ‘జుమా ముబారక్’ ఫార్వర్డులు వచ్చినా ఆ పని జరగదు.

వారానికొకసారి మహిళల ఇజ్తెమాకో, ఖుర్ఆన్ తజ్వీద్ క్లాసుకో స్వయంగా వెళ్ళడం ఇంకో మార్గం. అదే క్లాసు ఆన్‌లైన్‌లో ఉంది కదా అని ఇంట్లోంచి వినేవారు విద్య నేర్చుకుంటారు గానీ, అయిపోయాక చెప్పులు వెతుక్కుంటూ ఆపాతో మాట్లాడే ఐదు నిమిషాలు పోగొట్టుకుంటారు. అక్కడికి వెళ్ళే ఆ గంట ఇంటిపని ఎవరు చూస్తారన్నది ముందే తేలాలి. అది తేల్చాల్సింది ఆమె కాదు, ఇంట్లో మిగతావాళ్ళు.

నెలకో రెండు నెలలకో ఒకసారి ఆఫీసుకు పిలిచే కంపెనీలైతే ఆ అవకాశం వదులుకోకూడదు. ‘ఇంత దూరం ఎందుకు, ఆన్‌లైన్‌లో కలువు’ అని ఇంట్లోవాళ్ళే ఆపేస్తుంటారు. అబ్బానో తమ్ముడో తోడు వెళ్ళి, సాయంత్రం దాకా ఎక్కడో కూర్చుని, తిరిగి తీసుకొచ్చినా నష్టం లేదు. తెర మీద పేరుగా ఉన్న మనిషి ఒక్కసారి ఎదురుపడి పలకరిస్తే, ఆ తర్వాత వచ్చే ‘ఓకే’ కోపంగా వినిపించదు.

ఇంట్లోవాళ్ళు చేయగలిగింది

ఇంటి ఉద్యోగి విషయంలో కుటుంబాలు ఒకేసారి రెండు తప్పులు చేస్తుంటాయి. మొదటిది, పనిచేస్తున్నట్టు లెక్కలోకి తీసుకోకపోవడం. కాల్ మధ్యలో తలుపు తోసుకొచ్చి ‘కొంచెం ఉల్లిపాయలు తెచ్చిపెట్టు’ అనడం. రెండోది, ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి తోడు ఉన్నట్టే అనుకోవడం. పనివేళలో తోడు అక్కర్లేదు, పని అయిన క్షణం నుంచి కావాలి. చాలా ఇళ్ళలో సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. పనివేళలో పదిసార్లు తలుపు తడతారు, పని అయ్యాక ‘అలసిపోయి ఉంటాడు, పడుకోనీ’ అని వదిలేస్తారు.

రోజుకొక్క పూటైనా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటే చాలా మారుతుంది. రాత్రి షిఫ్టు అమ్మాయికి ఆ పూట మధ్యాహ్నమే కావచ్చు, ఆమె లేచేదాకా మిగతావాళ్ళు అరగంట ఆగాలి. పళ్ళెం గదిలోకి పంపడం సేవలా కనిపిస్తుంది, నిజానికి ఆ తలుపుకు ఇంకో గడియ పెట్టినట్టు. అడిగే ప్రశ్న కూడా మారాలి. ‘పని అయిందా?’ అంటే ‘అయింది’ అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ‘ఇవాళ ఎవరితో మాట్లాడావ్? వాడేమన్నాడు?’ అంటే కథ మొదలవుతుంది. రోగుల పేర్లూ వివరాలూ ఆమె చెప్పకూడదు, కానీ టీమ్ లీడర్ ఎలా అరిచాడో చెప్పొచ్చు కదా!

ముఖ్యంగా, ఎవరైనా ‘బోర్‌గా ఉంది, ఎవరూ లేనట్టుంది’ అన్నప్పుడు ‘అయితే మానెయ్’ అనే మాట నోట్లోంచి రాకూడదు. ఆ మాట ఒకసారి వచ్చిందా, ఇక వాళ్ళ నోటి నుంచి ఇంకేదీ రాదు. ఉద్యోగం ఉంచుకునే ఒంటరితనం తగ్గించుకోవచ్చని వారికి నమ్మకం కలగాలి.

మాటలతో తీరని స్థితి

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం చాయ్, నడక, ఫోన్ కాల్ చాలవు. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైన వాటిమీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, నిద్ర బాగా తగ్గడం లేదా మరీ పెరగడం, తిండి సహించకపోవడం, స్నానం, నమాజు, బట్టలు మార్చుకోవడం కూడా బరువనిపించడం, నేనున్నా లేకపోయినా ఒకటే అన్న మాటలు. ఇవి ఒంటరితనం దాటి డిప్రెషన్‌లోకి దిగిన గుర్తులు కావచ్చు. అది షుగర్, బీపీల్లాగే వైద్యం ఉన్న జబ్బు. మందు వాడొచ్చా అని అడిగిన ఎడారి అరబ్బులతో దైవప్రవక్త (స) వైద్యం చేయించుకోమనే చెప్పారు. ముసలితనానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు పుట్టించాడన్నారు. ఆమిల్ దగ్గరికి, తావీజుల దగ్గరికి తిప్పుతూ నెలలు గడిపేవారికి ఈ హదీసు గుర్తుచేయాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఏ ఫోన్ నుంచైనా ఉచితం, రోజుకు 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. రాత్రి రెండింటికి షిఫ్టు మధ్యలో గుండె బరువెక్కినప్పుడు కూడా చేయొచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే వారిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగం ఉంటుంది. ‘ఎర్రగడ్డ’ పేరు వింటేనే సంబంధాలు తప్పిపోతాయని భయపడే కుటుంబాలు మామూలు ఆసుపత్రిలోని ఓపీకే వెళ్ళొచ్చు. మొదటిసారి వెళ్ళేటప్పుడు ఇంట్లోంచి ఒకరు వెంట ఉండాలి. డాక్టరు గది బయట బెంచీ మీద అమ్మీ కూర్చుని ఉందని తెలిస్తే, లోపల మాట్లాడటం సులువవుతుంది.